ఎండీఎం2 ఫిష్ టెస్ట్: కొవ్వు గడ్డ మామూలుదా, మాయదారిదా తేల్చే పరీక్ష ఎంత నమ్మదగ్గది?

తొడ కండరాల లోపల కొబ్బరికాయంత కొవ్వు గడ్డ. ఎంఆర్ఐలో చూస్తే అంతా కొవ్వే, ముక్క పరీక్షలోనూ కొవ్వు కణాలే. రిపోర్టు చివర మాత్రం ఒక లైను ఉంటుంది: "లైపోమా కావచ్చు, ఎటిపికల్ లైపోమాటస్ ట్యూమర్ కాదని చెప్పలేం, ఎండీఎం2 ఫిష్ చేయించగలరు." ఎండీఎం2 అనే జన్యువు కాపీలు పెరిగాయా అని గడ్డ ముక్కలో చూసే పరీక్షే ఈ ఫిష్. ఆ లైను చదివిన ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. ఇది క్యాన్సరా అన్నది ఒక ప్రశ్న. ఇన్ని వేలు పోసి ఇంకో టెస్టు అవసరమా అన్నది రెండోది.

ముందే మా అభిప్రాయం చెప్పేస్తాం. చేయించాల్సిన గడ్డకు, సరైన ముక్క మీద చేయిస్తే ఈ ఒక్క ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు ఇచ్చే పరీక్ష ఇంకోటి లేదు. ఐదుకు నాలుగున్నర ఇస్తాం. ఆ అర మార్కు కోసింది కూడా టెస్టులో లోపం ఉందని కాదు. దానికి ముందు ముక్క చెడకుండా వేసే ఫార్మలిన్ సీసాలోనూ, దాని తర్వాత రిపోర్టు చదవడంలోనూ జరిగే పొరపాట్లకు.

లైపోమా అంటే అందరికీ తెలిసిన సాదా కొవ్వు గడ్డ. ఎటిపికల్ లైపోమాటస్ ట్యూమర్ చూడ్డానికి దాదాపు అలాగే ఉంటుంది కానీ తీసేసిన చోటే మళ్ళీ పెరిగే గుణం దానికుంది. ఇదే గడ్డ కడుపు వెనక, కిడ్నీల చుట్టూ వస్తే వెల్ డిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా, అంటే కొవ్వు క్యాన్సర్‌లో ఒక రకం, అంటారు. కణాలు అవే, జన్యు మార్పూ అదే. చోటును బట్టి పేరు మారింది. చేతిలోనో కాలిలోనో అయితే పూర్తిగా తీసేయొచ్చు, ముదరనంత వరకు వేరే అవయవాలకు పాకదు, కాబట్టి సార్కోమా అనే మాటతో మనిషిని బెదరగొట్టనక్కర్లేదని ఆ పేరు పెట్టారు. కడుపు వెనక అలా కాదు, అంచులు దొరకవు. మిగిలిపోయింది మళ్ళీ పెరుగుతుంది, అందులో కొన్ని డీడిఫరెన్షియేటెడ్ రకంగా ముదిరి ఊపిరితిత్తుల దాకా పోగలవు. ఇలా ముదిరే అవకాశం కాళ్ళుచేతుల్లో 2 శాతం లోపు, కడుపు వెనక 20 శాతం పైన అని నిపుణుల అంచనా. అంటే ఒకే పాజిటివ్ రిపోర్టుకు తొడలో ఒక అర్థం, కడుపులో ఇంకో అర్థం.

మైక్రోస్కోపు కింద తేడా తెలియదా అని అడగొచ్చు. చాలాసార్లు తెలుస్తుంది. కొవ్వు మధ్య సాగే పీచు పొరల్లో నల్లగా, మొరటుగా, పెద్దగా ఉన్న కేంద్రకాలు కనిపిస్తే పాథాలజిస్టుకు అనుమానం వస్తుంది. కానీ ఇరవై సెంటీమీటర్ల గడ్డలో అలాంటి కణాలు ఒక మూల మాత్రమే ఉండొచ్చు. పైగా దెబ్బ తగిలి కొవ్వు చచ్చిన చోట సాదా లైపోమాలో కూడా కణాలు వికారంగా కనిపిస్తాయి. కంటికి అందని ఆ తేడాను పట్టుకోవడానికే జన్యువు దాకా వెళ్ళేది.

ఎండీఎం2 జన్యువు 12వ క్రోమోజోమ్ పొడవు చేతి మీద, 12క్యూ15 అనే చోట ఉంటుంది. కణాన్ని అదుపులో పెట్టే పీ53 అనే కాపలా ప్రోటీన్‌ని అణచడం దాని పని. మనుషుల సార్కోమాల్లో ఈ జన్యువు కాపీలు విపరీతంగా పెరుగుతాయని 1992లోనే తేలింది. ఎటిపికల్ గడ్డ కణాల్లో ఉంగరంలా చుట్టుకున్న అదనపు క్రోమోజోములు ఉంటాయి. వాటి నిండా ఈ జన్యువు కాపీలే, పక్కనే ఉండే సీడీకే4 అనే జన్యువు కూడా తరచూ వాటితో పాటు వచ్చేస్తుంది. సాదా లైపోమాలో ఈ గుణకారం ఉండదు.

ఫిష్ చేసేది ఆ కాపీలను రంగు చుక్కలుగా చూసి లెక్కపెట్టడమే. ఆ చోటుకే వెళ్ళి అతుక్కునే రంగు డీఎన్ఏ ముక్కను ప్రోబ్ అంటారు. ఒక రంగు ఎండీఎం2కి, ఇంకో రంగు అదే క్రోమోజోమ్ నడుముకి (సెంట్రోమియర్). నడుము చుక్క కొలబద్ద లాంటిది. చీకటి గదిలో ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు ముందు కూర్చుని నూరు రెట్ల ఆయిల్ లెన్సు పెట్టి చూస్తే, డాపి అనే రంగు వేసిన కేంద్రకాలు నీలంగా వెలుగుతాయి. లైపోమా కణంలో రెండు ఎర్ర చుక్కలు, రెండు పచ్చ చుక్కలు, పద్ధతిగా పెట్టిన ముగ్గు చుక్కల్లా ఉంటాయి. ఎటిపికల్ కణంలో పచ్చవి రెండో మూడో ఉంటే ఎర్రవి గుప్పెడు కుంకుమ చల్లినట్టు గుత్తులుగా ఉంటాయి, ఒక్కోసారి విడదీసి లెక్కపెట్టడమే కుదరదు. ఇలాంటి కేసులో వాదనకు తావే ఉండదు. రంగులు మాత్రం కిట్టును బట్టి తారుమారవుతాయి. వైసిస్ ప్రోబ్‌లో ఎండీఎం2 నారింజ, నడుము పచ్చ. జైటోలైట్‌లో ఎండీఎం2 పచ్చ, నడుము నారింజ. రిపోర్టులో ఫోటో ఇస్తే ఏ రంగు దేనిదో కింద రాశారో లేదో చూడండి.

తీర్పు నిష్పత్తిని బట్టి వస్తుంది. ఎండీఎం2 చుక్కల మొత్తాన్ని నడుము చుక్కల మొత్తంతో భాగిస్తే 2 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే పాజిటివ్. ఉదాహరణకు 50 కేంద్రకాల్లో ఎండీఎం2 చుక్కలు 610, నడుము చుక్కలు 115 అనుకుందాం. నిష్పత్తి 5.3, సందేహం లేదు. ఇంకో గడ్డలో 84, 81 వచ్చాయి. నిష్పత్తి 1.04, నెగటివ్. కేంద్రకానికి రెండేసి చొప్పున నూరు ఉండాలి కదా, 84 ఏమిటని కంగారు పడొద్దు. 4 మైక్రాన్ల పలుచటి కోతలో చాలా కేంద్రకాలు సగానికి తెగిపోతాయి, తెగిన సగంలోని చుక్క పోతుంది. మూడో రకమే తికమక పెట్టేది: ఎండీఎం2 205, నడుము 190. కాపీలు కేంద్రకానికి నాలుగు దాటాయి, నిష్పత్తి మాత్రం 1.08. దీన్ని పాలీసోమీ అంటారు. 12వ క్రోమోజోమ్ మొత్తంగా ఎక్కువైంది కానీ జన్యువు విడిగా పెరగలేదు. ఇది పాజిటివ్ కాదు. "కాపీలు పెరిగాయి" అన్న ఒక్క మాట చూసి దీన్ని క్యాన్సర్‌గా చదివితే పెద్ద పొరపాటే.

పని జరిగే తీరు తెలిస్తే ఎక్కడ చెడుతుందో కూడా తెలుస్తుంది. గడ్డ ముక్కను మైనంలో పొదిగిన దిమ్మ, అంటే బ్లాక్ నుంచి 4 లేదా 5 మైక్రాన్ల కోతలు తీసి చార్జ్డ్ స్లైడ్ల మీద అంటిస్తారు. మామూలు స్లైడ్ మీద వేస్తే మధ్యలో కణజాలం ఊడి నీళ్ళలో తేలిపోతుంది, కొవ్వు ముక్కకు ఇది మరీ ఎక్కువ. స్లైడ్లను 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కాల్చి, జైలీన్‌లో మైనం కరిగించి, ఆల్కహాల్ మెట్లు దింపి, వేడి ద్రావణంలో ఉంచి, 37 డిగ్రీల దగ్గర పెప్సిన్‌తో అడ్డుగా ఉన్న ప్రోటీన్‌ని అరగదీస్తారు. ప్రోబ్ వేసి కవర్ స్లిప్ అంచులు సీలు చేసి, డీఎన్ఏ పోగులు విడిపోయేలా కొద్ది నిమిషాలు వేడిచేసి, రాత్రంతా 37 డిగ్రీల తేమ పెట్టెలో వదిలేస్తారు. పొద్దున్నే అతకని ప్రోబ్‌ను వేడి ద్రావణంలో కడిగి, డాపి వేసి చూస్తారు. అంటే రెండు రోజుల పని. బ్లాక్ చేరడం, కోయడం, పాథాలజిస్టు గుర్తు పెట్టడం, లెక్క, సంతకం అన్నీ కలిపితే రిపోర్టు చేతికి రావడానికి వారం పది రోజులు పడుతుంది. అంతకన్నా తొందరపెట్టి ప్రయోజనం లేదు.

ఇందులో పెప్సిన్ సమయమే ఆయువుపట్టు. తక్కువైతే కేంద్రకం మీద ప్రోటీన్ పొర మిగిలి ప్రోబ్ లోపలికి పోదు, చుక్కలు మసకబారి వెనకంతా పొగమంచులా వెలుగుతుంది. ఎక్కువైతే కేంద్రకాల అంచులు కరిగి, నీలం మధ్యలో చిల్లులు పడి, ఏ చుక్క ఏ కణానిదో తెలియదు. కొవ్వు ముక్కలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కొవ్వు కణం బుడగలా పెద్దది, కేంద్రకం ఒక పక్కకు అణిగి నెలవంకలా ఉంటుంది. పలుచటి కోతలో చాలా బుడగలకు అసలు కేంద్రకమే తగలదు. అందుకని ఎక్కడబడితే అక్కడ లెక్కపెడితే 50 మంచి కేంద్రకాలు దొరకడం కూడా కష్టమే. పాథాలజిస్టు ముందు మామూలు రంగులు వేసిన హెచ్ అండ్ ఈ స్లైడ్ చూసి, మొరటు కణాలున్న పీచు పొరల చుట్టూ మార్కర్ పెన్నుతో గీత గీసి ఇవ్వాలి. ఆ గీత లేకుండా టెక్నీషియన్‌కే వదిలేస్తే, కొవ్వు మధ్యలోని రక్తనాళాల గోడ కణాలను, తెల్ల కణాలను లెక్కపెట్టి "నెగటివ్" అనేయొచ్చు. లెక్క తప్పు కాదు, లెక్కపెట్టిన కణాలు గడ్డవి కావు.

అసలు చెడేది ఇంకా ముందే, ఆపరేషన్ థియేటర్లో. చిన్న నర్సింగ్ హోముల్లో తీసిన గడ్డను ఇరుకు మూతి సీసాలో కుక్కి, పైన కాస్త ఫార్మలిన్ పోసి, పేషెంటు తరఫు వాళ్ళ చేతికిచ్చి ల్యాబుకు పంపడం మన దగ్గర మామూలే. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి దిగుతుంది, కొవ్వులో ఇంకా నెమ్మది. పది సెంటీమీటర్ల గడ్డను కోయకుండా అలాగే వేస్తే పైన గట్టిపడుతుంది, లోపల కుళ్ళుతుంది. అక్కడి డీఎన్ఏ ముక్కలై ఫిష్‌లో చుక్కలే పడవు. గడ్డకు పదింతల ద్రావణం ఉండాలి, వెడల్పు మూతి డబ్బా ఉండాలి, ల్యాబుకు చేరగానే బ్రెడ్డు ముక్కల్లా పలకలుగా కోయాలి. ద్రావణం 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ అయి ఉండాలి, అంటే మార్కెట్లో దొరికే గాఢ ఫార్మలిన్ ఒక పాలు, తొమ్మిది పాళ్ళ నీరు, ఆమ్లం కాకుండా ఆపే లవణాలు. బఫర్ లేకపోతే ఆమ్లం డీఎన్ఏను కొరుకుతుంది. 24 నుంచి 48 గంటలు చాలు. వారాల తరబడి ఫార్మలిన్‌లో మర్చిపోయిన ముక్క మీద ఫిష్ విఫలమైతే ఆ తప్పు టెస్టుది కాదు. సెలైన్‌లో వేసి పంపడం మరీ ఘోరం.

ఇంతకన్నా బాధ కలిగించేది, తీసిన గడ్డను "కొవ్వే కదా" అని పరీక్షకే పంపకుండా పారేయడం. మూడేళ్ళకు అదే చోట మళ్ళీ వస్తే, మొదటిది ఏమిటో చెప్పే ఆధారం ఇక ఎక్కడా ఉండదు. ఏ గడ్డ తీయించుకున్నా ముక్కను పరీక్షకు పంపమని ముందే అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

మరి ఎవరికి చేయించాలి? మళ్ళీ వచ్చిన కొవ్వు గడ్డకు. కడుపు వెనక, కటి భాగంలో, పొట్ట లోపల వచ్చినదానికి. కణాలు అనుమానంగా ఉన్నాయని పాథాలజిస్టు రాసినదానికి. కాళ్ళుచేతుల్లో లోతుగా, పది సెంటీమీటర్లు దాటి, వయసు యాభై దాటిన వాళ్ళలో ఉన్నదానికి, కణాలు మామూలుగా కనిపించినా సరే. ట్రూకట్ సూదితో తీసిన సన్నటి ముక్కలో అనుమానం మిగిలితే దానికి కూడా.

చర్మం కింద, వేలితో కదిలిస్తే జారే మూడు నాలుగు సెంటీమీటర్ల గడ్డకు ఈ టెస్టు దండగ. ఒంటి నిండా నిమ్మకాయల్లాంటి గడ్డలు, నాన్నకూ ఉన్నాయి, మేనత్తకూ ఉన్నాయి అనే కుటుంబాల్లోనూ అంతే. ఎండీఎం2 పెరుగుదల గడ్డలోనే పుట్టే మార్పు, తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. అందుకని పిల్లలకు చేయించనక్కర్లేదు. రక్తంలో చేసే వారసత్వ జన్యు ప్యాకేజీలకు ఈ ప్రశ్నకు జవాబిచ్చే శక్తి లేదు. గడ్డ ముక్క లేకుండా "రక్తంతోనే చెప్పేస్తాం" అనేవాళ్ళకు డబ్బు కట్టొద్దు.

రిపోర్టు చదివేటప్పుడు రెండు విషయాల్లో జాగ్రత్త కావాలి. మొదటిది, నెగటివ్ అంటే "ఏ క్యాన్సరూ కాదు" అని అర్థం కాదు. ప్లియోమార్ఫిక్ లైపోసార్కోమా బాగా ప్రమాదకరం, అయినా దానిలో సాధారణంగా ఎండీఎం2 పెరగదు. మిక్సాయిడ్ లైపోసార్కోమాలో మార్పు వేరే జన్యువులో, డీడీఐటీ3లో జరుగుతుంది. దాన్ని విడిగా అడగాలి. స్పిండిల్ సెల్ లైపోమా వికారంగా కనిపిస్తుంది, కానీ ప్రమాదం లేనిది. అందులో పోయేది 13వ క్రోమోజోమ్ మీది ఆర్‌బీ1. కణాలు ఎలా ఉన్నాయో చూడకుండా ఒక్క ఫిష్ కాగితం మీద ఆధారపడి సర్జన్ నిర్ణయం తీసుకోకూడదు. రెండోది, పాజిటివ్ అయినంత మాత్రాన లైపోసార్కోమా అనలేం. ఎముక అంచున పుట్టే పరోస్టియల్ ఆస్టియోసార్కోమాలో, పెద్ద రక్తనాళాల ఇంటిమల్ సార్కోమాలో కూడా ఇదే జన్యువు పెరుగుతుంది. కొవ్వు గడ్డ అని ఖాయమయ్యాకే ఈ పాజిటివ్‌కు ఆ అర్థం వస్తుంది.

మంచి రిపోర్టులో బ్లాక్ నంబరు, ప్రోబ్ పేరు, లెక్కపెట్టిన కేంద్రకాల సంఖ్య, కేంద్రకానికి రెండు రంగుల చుక్కల సగటులు, నిష్పత్తి, కంట్రోల్ (ఫలితం ముందే తెలిసిన పోలిక ముక్క) పనిచేసిందన్న మాట, ఒక ఫోటో ఉంటాయి. "పాజిటివ్" అని ఒకే ముక్క రాసి చేతులు దులుపుకున్న రిపోర్టును ఒప్పుకోకండి, వివరాలు అడిగి రాయించుకోండి. పెద్ద గడ్డ అయితే ఎన్ని బ్లాకులు తీశారో కూడా చూడండి. సెంటీమీటరుకు ఒక బ్లాక్ అన్నది పాత లెక్క, ఇప్పటికీ మంచి లెక్కే. పదిహేను సెంటీమీటర్ల గడ్డ నుంచి రెండు బ్లాకులు తీసి అందులో ఒకదాని మీద ఫిష్ నెగటివ్ వస్తే మనసు కుదుటపడకూడదు.

చవకగా, ప్రోటీన్‌కు రంగు పట్టించి చూసే ఇమ్యూనో స్టెయిన్ చాలదా అని చాలామంది అడుగుతారు. ఎండీఎం2, సీడీకే4, పీ16 మూడూ కలిపి వేస్తే చాలా కేసుల్లో దారి చూపుతాయి, డీడిఫరెన్షియేటెడ్ రకంలో బాగా పనికొస్తాయి. అచ్చం కొవ్వులా ఉన్న గడ్డలో మాత్రం చిక్కు వస్తుంది. రంగు పట్టే కణాలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి, మసకగా ఉంటాయి. పైగా చచ్చిన కొవ్వును ఊడ్చే మాక్రోఫేజ్ కణాలకు కూడా ఎండీఎం2 రంగు పడుతుంది. దెబ్బ తగిలిన సాదా లైపోమాను పాజిటివ్ అని రాసే ప్రమాదం అక్కడే ఉంది. స్టెయిన్ గట్టిగా, గడ్డ కణాల్లోనే పడితే దానితో ఆగొచ్చు. మసకగా పడితే ఫిష్‌కు వెళ్ళాలి. ఒకేసారి చాలా జన్యువులు చదివే ఎన్‌జీఎస్ ప్యానెల్ ఖర్చు దీనికి ఎన్నో రెట్లు. కొవ్వా కాదా అన్న మొదటి ప్రశ్నే తేలనప్పుడు దానివైపు చూడండి.

ఇదే పద్ధతిలో చేసే ఇంకో టెస్టు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది అవయవాలను కాపాడుతుంది. ముంజేతి మీద రెండు మూడు వారాల్లో పుట్టుకొచ్చి, నొప్పిగా, రెండు సెంటీమీటర్ల లోపు ఉండే నాడ్యులర్ ఫాసైటిస్ అనే గడ్డ ఉంది. వేగంగా పెరుగుతుంది, కణవిభజనలు బోలెడు, మైక్రోస్కోపు కింద అచ్చం సార్కోమాలా కనిపిస్తుంది. కానీ ప్రమాదం లేనిది, కొన్నిసార్లు దానంతట అదే తగ్గిపోతుంది. ఇందులో యూఎస్‌పీ6 అనే జన్యువు తెగి వేరేదానితో అతుక్కుంటుందని 2011లో తేలింది. ఇక్కడ వాడేది బ్రేక్ అపార్ట్ ప్రోబ్: జన్యువు రెండు పక్కలా రెండు రంగులు, కలిసి ఉంటే పసుపు చుక్క, తెగితే ఎరుపు ఒకచోట, పచ్చ ఒకచోట. పాజిటివ్ వస్తే పెద్ద ఆపరేషన్, రేడియేషన్ అనే మాటలు ఆగిపోతాయి. పదిలో తొమ్మిదింటిలో ఈ మార్పు దొరుకుతుంది. దొరకలేదంటే మాత్రం ఆ గడ్డ కాదని అర్థం కాదు.

ల్యాబును ఎంచుకునేటప్పుడు, ల్యాబులకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ బోర్డు గోడ మీద ఉందా అని కాక, వాళ్ళ గుర్తింపు జాబితాలో ఫిష్ టెస్టు ఉందా అని అడగండి. రక్త పరీక్షలకు గుర్తింపు ఉండి ఫిష్‌కు లేకపోవచ్చు. మీ ఊళ్ళో తీసుకుని పెద్ద ఊరికి పంపే కలెక్షన్ సెంటర్ అయితే టెస్టు నిజంగా ఎక్కడ జరుగుతుందో రాయించుకోండి. బ్లాకుతో పాటు హెచ్ అండ్ ఈ స్లైడ్, మొదటి రిపోర్టు కాపీ, గడ్డ ఎక్కడ, ఎంత లోతు, ఎంత సైజు, మళ్ళీ వచ్చిందా అన్న వివరాలు పంపాలి. ఎంఆర్ఐ రిపోర్టు కూడా జతచేస్తే ఇంకా మంచిది. మే నెల ఎండలో బస్సు పార్సిల్లోనో కారు డ్యాష్‌బోర్డు మీదో బ్లాక్ వదిలేస్తే మైనం మెత్తబడి ముక్క ఒరుగుతుంది, తర్వాత కోత సరిగ్గా రాదు. గుడ్డలో చుట్టి, చల్లటి జెల్ ప్యాకుతో డబ్బాలో పంపండి. ఫ్రీజర్లో పెట్టొద్దు, మైనం పగులుతుంది.

టెస్టు అయ్యాక బ్లాకులు తప్పకుండా వెనక్కి తెచ్చుకోండి, లేదా తీసిన ఆసుపత్రికే తిరిగి చేరాయని ఖాయం చేసుకోండి. కవరు మీద పేరు, బ్లాక్ నంబరు, తేదీ రాసి ఎండ తగలని బీరువాలో పెడితే ఏళ్ళ తర్వాత కూడా వాటి మీద ఫిష్ చేయొచ్చు. గడ్డ మళ్ళీ వస్తే కొత్త ముక్కను పోల్చి చూసేది ఆ పాత బ్లాకుతోనే.